మూడో ఎక్స్‌పోజర్

త్స్కాల్తుబోలో మూతపడిన శానటోరియం, రెండో అంతస్తు,
మధ్యాహ్నం మూడున్నర.
కిటికీ బయట ఎండ కొలిమిలా ఉంది,
లోపల గది నూతిలా ఉంది.
కన్నయితే రెండింటితోనూ రెప్పపాటులో సర్దుకుపోతుంది,
కెమెరాకి అంత లౌక్యం లేదు.

అందుకని మూడుసార్లు నొక్కుతాను.
కిటికీ కోసం ఒకటి: గదంతా బొగ్గు.
గోడ కోసం ఒకటి: కిటికీ తెల్లగా పాలిపోతుంది.
మంచం కింది చీకటి కోసం ఇంకొకటి,
నాలుగు సెకన్లు,
బిందె అడుగున మిగిలిన నీళ్ళని
గరిటెతో తోడుకున్నట్టు.

"కదలకండి" అన్నాను నజీబ్రోలాతో.
కదిలింది.
పొయ్యి మీద కాఫీ పొంగుతోంది మరి.

మొదటిదాంట్లో ఆమె కిటికీకి అడ్డంగా ఒక నల్లటి ఆకారం.
రెండోదాంట్లో ఒక మోచెయ్యి, ఉన్ని శాలువా అంచు.
మూడోదాంట్లో పొగ.
మూడూ కలపబోతే సాఫ్ట్‌వేర్ మర్యాదగా అడిగింది:
దయ్యాల్ని తీసెయ్యమంటారా?
పక్కనే చిన్న గడి. ఒక్క టిక్కు చాలు.

యుద్ధంలో సుఖుమి నుంచి పారిపోయి వచ్చినప్పుడు
ఈ గది నెలరోజులకే అన్నారట.
ముప్పై ఏళ్ళు దాటింది.
ఏ ఆఫీసులోనో, ఏ జాబితాలోనో
ఎవరో ఇలాంటి గడిలోనే టిక్కు పెట్టి
టీకి వెళ్ళిపోయి ఉంటారు.

ఇక్కడ హోటల్ కట్టబోయే కంపెనీకి నాటకం కావాలి.
"చూడగానే గుండె ఆగాలి" అని రాశాడు
మిందియా అనే మేనేజరు.
స్లైడర్‌ని కుడికి తోశాను.
గోడ మీది బూజు పచ్చల హారమైంది.
పెచ్చులూడిన పైకప్పు నదుల పటమైంది.
తుప్పు బంగారు పూత పూసుకుంది.
బయటి మేఘం కండలు తిరిగి నిలబడింది.
కారే చోట పెట్టిన బకెట్టు చుట్టూ
సాధువుల తల వెనక ఉండేలాంటి వెలుగు వలయం.
లేమికి ఇంత ముస్తాబు నేనే చేశానా అని
మురిసిపోయాను కూడా. అబద్ధమెందుకు.

ప్రింటు తీసుకెళ్ళి ఆమెకి చూపించాను.
కళ్ళద్దాలు శాలువాతో తుడుచుకుంది.
"నా గోడ ఇంత అందగత్తెనా!
తెలిస్తే ఏటేటా సున్నం ఎందుకు కొట్టేదాన్ని?"
నవ్వింది.
నవ్వు సగంలో ఆగింది.
వేలు ఫోటో అడుక్కి, ఎడమ మూలకి పోయింది.

మంచం కింద,
నేను తోడిపోసిన వెలుతురులో,
తాడుతో కట్టిన గోధుమరంగు సూట్‌కేసు.
దాని పక్కన మగవాళ్ళ బూట్ల జత,
వెల్లకిలా, లేసులు ఒకదానికొకటి ముడివేసి.

"ఇదెలా కనపడింది నీకు?
నేనే చూడను దాన్ని.
ఊడ్చేటప్పుడు కూడా
చీపురు వెళ్తుంది అక్కడికి, నేను వెళ్ళను."

సెన్సార్ గురించి ఏదో చెప్పాను.
చీకట్లో కూడా సమాచారం ఉంటుంది అన్నాను.
సమాచారం అనే మాట
నా నోట్లో చేపముల్లులా అడ్డం పడింది.
ఆమె కాఫీ పోసింది. పంచదార అడగలేదు.

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాను.
మేఘానికి కండలు తగ్గించాను,
బకెట్టుని బకెట్టుగానే ఉండనిచ్చాను.
మా అమ్మ సూపులో ఉప్పు లెక్క:
వేసినట్టు తెలియకూడదు,
వెయ్యకపోతే తెలియాలి.
స్లైడర్ అలా ఎడమకి, ఎడమకి,
ఎండ ఎండలాగా, నీడ నీడలాగా అయ్యేదాకా.
తర్వాత మెత్తటి కుంచెతో
మంచం కింద మూడో ఎక్స్‌పోజర్‌ని చెరిపేశాను,
ఎవరి గదిలోంచో తలుపు దగ్గరగా వేసి
వెనక్కి నడిచినట్టు.
దయ్యాల గడిలో టిక్కు పెట్టలేదు.

ఆ బొమ్మలో పెద్దగా ఏమీ లేదు.
ఒక గది. మూడున్నర ఎండ.
కాఫీ వైపు పోతున్న పొగలాంటి మనిషి.
మంచం కింద చీకటి,
నల్లగా, నిండుగా, ఆమెది.
అదిప్పుడు ఆమె గోడకే, సున్నం మీద, మేకుకి ఉంది.

కంపెనీకి ఏది పంపానో అడక్కండి.
నవంబరు అద్దె కట్టేశాను.
పెద్దది చేసి చూసినప్పుడు
బూటు అడుగున అంకె కూడా కనపడింది:
నలభై మూడు.